కొండపిగిలికి వేరే ఊరు లేదు



ఈ నెల గోడపత్రికలో నాకొక పేజీ ఇచ్చారు. సమయపాలన మీద రాయమని కొందరు, పరిశుభ్రత మీద రాయమని కొందరు చెప్పారు. అవి మంచి విషయాలే, కాదనను. కానీ వాటి మీద మన గోడ మీద ఇప్పటికే చాలా వ్యాసాలు వచ్చాయి. నేను ఒక పిట్ట మీద రాస్తున్నాను. నవ్వాలనుకున్న వాళ్లు ముందే నవ్వేయండి. నవ్వడం అయ్యాక చదవండి.

రెండు ఆదివారాల కింద మెస్సు వెనకాల వేపచెట్టు మీద ఒక పిగిలిపిట్ట కూర్చుని కూస్తా ఉంది. తల మీద నల్ల కుచ్చు, తోక కింద ఎర్ర మచ్చ ఉండే పిట్ట, మీ అందరికీ తెలిసిందే. మనలో ఒకడు సైకిల్ ట్యూబు రబ్బరుతో కట్టిన ఉండేలు తీసి ఒక్క రాయి వేశాడు. పిట్ట టప్పున కింద పడింది. వాడి పేరు రాయను. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "ఎందుకురా కొట్టావు?" అని అడిగితే, "ఒక్క పిట్ట పోతే ఏమయిద్దిరా? మిరప చేలోకి పోయి చూడు, వంద ఉంటాయి" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్లు నవ్వారు. అప్పుడు నాకు జవాబు దొరకలా. రెండు వారాలు ఆలోచించాను. ఇదే నా జవాబు.

ముందు వాడి మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటాను. ఆ పిగిలిపిట్టలు నిజంగానే చాలా ఉన్నాయి. ఊళ్లో, తోటలో, రోడ్డు పక్క తుమ్మచెట్ల మీద, గుంటూరు టౌనులో కరెంటు తీగల మీద కూడా ఉంటాయి. ఏది దొరికితే అది తిని ఎక్కడైనా బతుకుద్ది. ఒకటి పోయినంత మాత్రాన ఆ జాతి ఆగిపోదు. కానీ పిట్టలన్నీ అట్టాంటివి కావు. కొన్నిటికి ఒకటే ఊరు. ఆ ఊరు పోతే ఇంకో ఊరు లేదు. అట్టాంటి పిట్ట ఒకటి మన పిగిలిపిట్టకు వరసకు అక్కచెల్లెలే. దాని సంగతి చెప్తాను.

మాది నల్లమల అంచున ఒక చెంచు పెంట. పెంట అంటే మా వాళ్ల భాషలో ఊరు. ఆ మాట చెప్పినప్పుడల్లా ఇక్కడ మీరు ముక్కు మూసుకుని నవ్వుతారు. ఆరో తరగతిలో చేరినప్పుడు నేను ఆ నవ్వుకు భయపడి మా ఊరిని "గూడెం" అనడం మొదలుపెట్టాను. ఇవ్వాళ మళ్లీ పెంట అనే రాస్తున్నాను.

ఏడో తరగతి వేసవి సెలవల్లో ఇంటికి పోయినప్పుడు ఇక్కడ నేర్చుకున్న ఉండేలు విద్య అక్కడ చూపించాలనుకున్నాను. మా తాతతో కలిసి కొండ మీద బండల మధ్యకి పోయాను. ఒక రాతి పగులులో మొలిచిన జువ్విచెట్టు మీద రెండు పిట్టలు పండ్లు తింటున్నాయి. మన పిగిలిపిట్టంతే సైజు. కానీ తల పసుపు కలిసిన ఆకుపచ్చ, గొంతు మాత్రం పసుపు కొమ్ము అరగదీసి పూసినట్టు పచ్చగా ఉంది. తల మీద కుచ్చు లేదు. గురి చూసి కొట్టాను. ఒకటి పడింది. రెండోది బండ చాటుకు పోయి చాలాసేపు కూసింది.

మా తాత నన్ను తిట్టలేదు, కొట్టలేదు. పడిన పిట్టను చేతిలోకి తీసుకుని చూసి ఒక్క మాట అన్నాడు. "ఇది కొండపిగిలిరా. ఇది కొండ దిగదు. మనమంటే దిగాం, నువ్వు హాస్టలుకు పోయావు, మీ అయ్య మిరపకాయ కోతలకు పోతాడు. దీనికి ఇదొక్కటే ఊరు." అంతే అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు సరిగా అర్థం కాలేదు. కాబట్టి మొన్న పిట్టను కొట్టినవాడి కంటే నేనేమీ గొప్పవాణ్ని కాదు. వాడు కొట్టింది వందలో ఒకటి. నేను కొట్టింది అట్టాంటిది కాదు.

మన సైన్స్ మాస్టారిని అడిగితే ఆ పిట్ట సంగతి వివరంగా చెప్పారు. దాన్ని పుస్తకాల్లో పసుపు గొంతు పిగిలి అంటారు. ప్రపంచం మొత్తంలో అది దక్షిణ భారతదేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇక్కడ కూడా అన్ని చోట్లా ఉండదు. బండరాళ్లు, ముళ్లపొదలు, రాతి సందుల్లో జువ్వి, మర్రి లాంటి చెట్లు ఉండే కొండ వాలుల్లోనే ఉంటది. నల్లమలలో, చిత్తూరు వైపు హార్స్లీ కొండల్లో, కర్ణాటకలో నంది కొండల్లో, తమిళనాడులో కొన్ని కొండల్లో కనిపిస్తది. చాలా బెరుకు పిట్ట. మనిషి అలికిడి వింటే పొదలో దూరుద్ది. ప్రపంచంలో ముప్పు ఉన్న జీవుల జాబితాలో దాని పేరు ఉంది. ముప్పుకు ముఖ్య కారణం అది బతికే రాతికొండలు పోవడం, అంటే పొదలు నరకడం, రాయి కోసం కొండను తవ్వడం.

ఇంకో సంగతి విని నాకు ఒళ్లు జలదరించింది. 1840ల్లో నెల్లూరులో ప్రభుత్వ డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ అనే ఇంగ్లీషాయన ఈ పిట్టను 1845లో మొదటిసారి శాస్త్రానికి పరిచయం చేశాడు. తర్వాత 1862 నుంచి 1864 దాకా భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఒక్కో పిట్టకు ఇక్కడి జనం పిలిచే పేరు కూడా రాశాడు. ఈ పిట్ట కాడ రాసిన తెలుగు పేరు "కొండ పొదపిగిలి". అంటే మా తాత అన్న పేరే, మధ్యలో ఒక్క ముక్క ఎక్కువ. మా తాతకు చదువు రాదు. ఆ పుస్తకం ఉందనే సంగతి కూడా ఆయనకు తెలియదు. అయినా నూట అరవై ఏళ్ల కింద పుస్తకంలోకి ఎక్కిన పేరు ఆయన నోట్లో ఇంకా ఉంది. అట్టాంటి మాటలు ఉన్న మన ఇళ్ల భాషను మనం హాస్టలు గేటు బయటే వదిలేసి వస్తున్నాం.

మీలో కొందరు అడగొచ్చు. "ఒకటే ఊరు అయితే ఏమైంది? ఆ కొండ మీద అదేదో బతుకుద్దిలే" అని. ఒకే చోట బతికే పిట్టకు ఏం జరుగుతుందో తెలియాలంటే ఒక దీవుల కథ చెప్పాలి. దీవి అంటే మనకు కొత్త కాదు. రేపల్లె వైపు నుంచి వచ్చిన మన యానాది మిత్రులు కృష్ణ దాటితే దివిసీమ అని చెప్తారు. ఇది మాత్రం చాలా దూరం, పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్న హవాయి దీవుల సంగతి. ఆ దీవులు ఒక వరసలో ఉంటాయి. అందులో ఒక దీవి పేరు కవాయి. ఆ దీవి అడవిలో "ఓఓ" అనే పాడే పిట్ట ఉండేది. నల్లటి ఒళ్లు, తొడల కాడ పసుపు ఈకలు. నాలుగు దీవుల్లో నాలుగు రకాల ఓఓలు ఉండేవి. ఒక్కో దీవిది ఒక్కో రకం. ఇంకెక్కడా లేవు.

మొదట్లో ఆ దీవుల్లో దోమ అనేదే లేదు. 1826లో ఓడల్లో వచ్చిన నీళ్లతో పాటు దోమలు దిగాయని చెప్తారు. తర్వాత పిట్టలకు వచ్చే మలేరియా కూడా వచ్చింది. అది మనుషులకు వచ్చే మలేరియా కాదు, వేరే రకం. పిట్టను కుట్టిన దోమ ఇంకో పిట్టను కుడితే అంటుకుంటది. ఆ దీవుల పిట్టలకు ఆ జబ్బును తట్టుకునే శక్తి లేదు. దాంతో పాటు ఓడల్లో వచ్చిన ఎలుకలు గుడ్లు తిన్నాయి. కింది అడవిని నరికి చేలు వేశారు. మిగిలిన పిట్టలు పైకి, ఇంకా పైకి, దోమలు తక్కువగా ఉండే చల్లటి కొండ మీదికి పోయాయి. కొండ శిఖరం దాటి పైన ఇంకేముంటుంది? ఆకాశం తప్ప ఏమీ లేదు.

మిగతా మూడు దీవుల ఓఓలు ముందే పోయాయి. కవాయిలో చివరికి ఒక జంట మిగిలింది. 1982 నవంబరులో ఆ దీవి మీదికి పెద్ద తుఫాను వచ్చింది. ఆ తర్వాత ఆడపిట్ట మళ్లీ కనిపించలేదు. తుఫాను అంటే ఏమిటో 1977 ఉప్పెన గురించి పెద్దలు చెప్పగా విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మగపిట్ట ఒక్కటే మిగిలింది. దాన్ని చివరిసారి చూసింది 1985లో. చివరిసారి విన్నది 1987లో. అప్పుడు దాని పాటను టేపులో పట్టారు.

ఆ పాటను మన సైన్స్ మాస్టారు తన సెల్‌ఫోనులో వినిపించారు. పిల్లనగ్రోవిలాగా ఉంది. కొంచెం పాడుద్ది, ఆగుద్ది. మళ్లీ పాడుద్ది, ఆగుద్ది. ఆ పిట్టలు జంటగా పాడేవంట. ఇది ఆగిన చోట ఆడపిట్ట అందుకోవాలి. అందుకునేది లేదు. అది విన్నప్పుడు నాకు మా కొండ మీద బండ చాటు నుంచి కూసిన రెండో పిట్ట గుర్తొచ్చింది. క్లాసులో అందరి ముందూ ఏడవకూడదని కిటికీ వైపు చూశాను. 2023లో అమెరికా ప్రభుత్వం ఓఓ పేరును ప్రమాదంలో ఉన్న పిట్టల జాబితా నుంచి తీసేసింది. బాగుపడి తీసేయలేదు. ఇక లేదని తీసేసింది.

ఇప్పుడు మన గేటు బయట నిలబడి చూడండి. కనుచూపు మేర పత్తి, మిరప. కోతల రోజుల్లో కళ్లాల మీద ఎండుమిరప ఎర్ర సముద్రంలాగా ఉంటది. ఆ సముద్రంలో అక్కడక్కడా రాతికొండలు లేచి ఉంటాయి. కోటప్పకొండ, కొండవీడు, వినుకొండ, ఇంకా పేర్లు లేని గుట్టలు ఎన్నో. ఆ పడమటి పక్క నల్లమల. ఈ కొండలన్నిటిలో కొండపిగిలి ఉందని నేను చెప్పడం లేదు. కానీ కొండల మీద బతికే జీవికి ఈ కొండలే దీవులు, చేలే సముద్రం. మన పిగిలిపిట్ట ఆ సముద్రాన్ని ఈదుద్ది. పత్తి చేలో పురుగు దొరుకుద్ది, తోటలో పండు దొరుకుద్ది. కొండపిగిలి ఈదలేదు. బండ, పొద, జువ్విచెట్టు లేని చోట దానికి ఇల్లు లేదు. ఓఓకి కవాయి ఎట్టాగో దానికి ఆ రాతికొండ అట్టాగ.

ఇంతవరకూ రాసి నా బెంచీ మిత్రుడికి చూపించాను. వాడు చదివి కోపం తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్న బల్లికురవ వైపు గ్రానైట్ క్వారీలో కూలీ. "క్వారీలు ఆపమంటావా? మా నాన్న ఏం తినాలి? మీ పిగిలిపిట్ట మా ఇంటికి బియ్యం పంపిద్దా?" అన్నాడు. వాడు అన్నది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. చీమకుర్తి గ్రానైట్ దేశదేశాలకు పోతోంది. ఆ రాయి మీద మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. కొండ మీద పిట్ట కోసం కొండ కింద మనిషి పస్తు ఉండాలని నేను అనడం లేదు.

కానీ వాడికి నేను కలివికోడి కథ చెప్పాను. అది కడప వైపు ముళ్లపొదల్లో రాత్రిపూట తిరిగే పిట్ట. దాన్ని కూడా మొదట కనిపెట్టింది జెర్డానే. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, ఇక లేదనుకున్నారు. 1986లో అక్కడి ఒక స్థానికుడి వల్లే మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలు లేదనుకున్న పిట్టకు అక్కడి వాళ్ల నోట్లో పేరు కూడా ఉంది. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ పిట్ట ఉండే పొదల మీదుగా పోవాల్సి వస్తే కాలువ దారి మార్చారు. కాలువను ఆపలేదు, దారి మాత్రం మార్చారు. అంటే మనిషికి నీళ్లూ, పిట్టకు పొదా రెండూ ఆలోచించే వీలుంది. 2025 ఆగస్టులో ఆ పిట్ట కూత మళ్లీ వినిపించిందని పేపర్లో వచ్చింది.

నేను అడిగేది అంతే. ఒక కొండకు తూటా పెట్టే ముందు ఆ కొండ మీద ఎవరున్నారో ఒకసారి ఎక్కి చూడండి. పది కొండలుంటే పదింటినీ తవ్వాలా, ఏదైనా ఒకదాన్ని వదలొచ్చా అని అడగండి. పెద్ద గనులకు అనుమతి ఇచ్చే ముందు ప్రజల అభిప్రాయం వినాలని నిబంధన ఉంది. ఆ సభలో లేచి "అయ్యా, ఈ కొండ మీద ఫలానా పిట్ట ఉంది" అని చెప్పాలంటే ముందు ఆ పిట్ట పేరు తెలియాలి కదా! పేరే తెలియని దాని కోసం ఎవరు లేచి నిలబడతారు? నా మిత్రుడు అంతా విని, "మా నాన్నను అడుగుతాలే, ఆ గుట్ట మీద ఏమేం పిట్టలుండేయో" అన్నాడు. నాకది చాలు.

ఇంకొక మాట కూడా వచ్చింది. "మీ చెంచోళ్లే కదరా వేటాడేది, మాకు నీతులు చెప్తావా?" అని. అవును, మా వాళ్లు వేటాడారు. కానీ మా తాత ఆకలికి కొట్టేవాడు, ఆటకు కొట్టేవాడు కాదు. గూడు కట్టే కాలంలో చెట్టు జోలికి పోయేవాడు కాదు. మనం మెస్సులో అన్నం తిని, చేతులు కడుక్కుని, పొద్దుపోక కొడుతున్నాం. కొట్టిన పిట్టను ఎవరూ తినలేదు, చీమలు తిన్నాయి. పైగా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పిగిలిపిట్టను కొట్టడం నేరం. ఆ సంగతి తెలియక కొట్టాం. ఇప్పుడు తెలిసింది.

చివరిగా మూడు కోరికలు.

ఒకటి, మిత్రులకు. ఉండేళ్లన్నీ తెచ్చి ఒక గోనెసంచిలో వేద్దాం. వార్డెన్ గారు ఎవరు తెచ్చారని అడగకూడదు, కొట్టకూడదు. మొదటిది నాదే. నా ట్రంకుపెట్టె అడుగున ఇంకా ఉంది. ఈ కాగితం గోడకు అతికించిన రోజే వేసేస్తాను.

రెండు, అందరికీ. ఒక వంద పేజీల నోటుబుక్కు పెడదాం. అందులో చెంచోళ్లు, సుగాలీలు, ఎరుకలోళ్లు, యానాదులు ఎవరి ఇంట్లో ఏ పిట్టను ఏమని పిలుస్తారో రాద్దాం. సంక్రాంతి సెలవలకు పోయినప్పుడు తాతను, అమ్మమ్మను, నాయనమ్మను అడిగి రండి. పేరు, ఎక్కడ ఉంటది, ఎట్టా కూస్తది, ఏం తింటది. తప్పులుంటే మాస్టారు దిద్దుతారు. ఎవరి మాటకూ ఎవరూ నవ్వకూడదు. నవ్వినోడు ఆ పేజీ మొత్తం నీట్‌గా తిరగరాయాలి.

మూడు, వార్డెన్ గారికి. వేపచెట్టు కింద ఒక మట్టి మూకుడులో నీళ్లు పెట్టనివ్వండి. ఎండాకాలం చేలల్లో మందు కొట్టిన నీళ్లు తప్ప పిట్టలకు ఏమీ దొరకవు. రోజూ నీళ్లు మార్చే పని మేము వంతులు వేసుకుంటాం. మూకుడులో దోమలు పెరగనివ్వం. దోమ ఏం చేయగలదో ఇప్పుడు మాకు తెలుసు.

మొన్న చచ్చిపోయిన పిగిలిపిట్ట జంట ఇంకా వేపచెట్టు మీదికి వస్తోంది. పొద్దున స్టడీ అవర్‌లో కూస్తది. మీరూ వినే ఉంటారు. దానికి ఈ మైదానంలో ఇంకో జత దొరుకుద్ది, నాకు నమ్మకం ఉంది. కొండ మీద నేను వదిలేసి వచ్చిన రెండో పిట్టకు దొరికిందో లేదో నాకు తెలియదు. ఈ వేసవికి తాతతో కలిసి ఆ జువ్విచెట్టు కాడికి పోయి చూస్తాను. చూసి వచ్చి ఇదే గోడ మీద రాస్తాను.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి మిత్రుడు